విద్యార్థి సంక్షేమ విభాగంలో బడ్జెట్ వేయడం నేర్చుకోవడం ఎలా: బరంపురం నుంచి జయపురం దాకా పనిచేసేవారికి

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, కోరాపుట్, జయపురం. దక్షిణ ఒడిశాలోని ఈ ఊళ్ల యూనివర్సిటీల్లో, కాలేజీల్లో హాస్టళ్లు, స్కాలర్‌షిప్‌లు, ఆటలు, ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం), కౌన్సెలింగ్ పనులు చూసే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. ఆ సీట్లోకి కామర్స్ చదివి వచ్చేవాళ్లు తక్కువ. వృక్షశాస్త్రం చెప్పే మేడమ్ వార్డెన్ అవుతారు. చరిత్ర మాస్టారు ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రామ్ ఆఫీసర్ అవుతారు. పిల్లల కష్టసుఖాలు కాస్త అర్థమవుతున్నాయనుకునేలోగా ఫైనాన్స్ సెక్షన్ నుంచి ఒక కాగితం వస్తుంది: వచ్చే ఏడాదికి మీ విభాగం అంచనాలు పంపండి.

అప్పుడు ఎక్కువమంది చేసేది ఒక్కటే. పోయినేడాది అంకె తీసుకుని, దాని మీద పది శాతం కలిపి, సంతకం పెట్టి పంపేస్తారు. ఈ అలవాటు మానిపించడానికే ఇది రాస్తున్నాను. పోయినేడాది అంకెలో పోయినేడాది లోపాలు కూడా ఉంటాయి. ఆ ఏడు కౌన్సెలర్ లేకపోతే జీతం పద్దు సున్నా. సున్నాకి పది శాతం కలిపినా సున్నాయే. ఏ నెలలో ఏ విద్యార్థికి ఏం అవసరమో తెలిసింది మీకు. అకౌంట్స్‌వాళ్లకు ఆ సంగతి మీరు చెబితేనే తెలుస్తుంది. అందుకే అంకె మీ దగ్గరే పుట్టాలి.

1. ముందు రెండు క్యాలెండర్లు పక్కపక్కన పెట్టండి

డబ్బుకు ఏడాది ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది. పిల్లలకు ఏడాది వేసవి సెలవులు అయ్యాక మొదలవుతుంది. మన ఇబ్బందుల్లో సగం ఈ తేడా నుంచే వస్తాయి. ఒకే బ్యాచ్ ఏడాది చదువు రెండు ఆర్థిక సంవత్సరాల్లో పడుతుంది. జూలైలో చేరిన అమ్మాయికి మార్చి దాకా పెట్టే ఖర్చు ఈ బడ్జెట్‌లోది, ఏప్రిల్ నుంచి పెట్టేది వచ్చే బడ్జెట్‌లోది.

ఒక పెద్ద కాగితం తీసుకుని ఏప్రిల్ నుంచి మార్చి దాకా పన్నెండు గళ్లు గీయండి. ఎక్సెల్ వస్తే అందులోనే చేయండి. ప్రతి నెల కింద ఆ నెలలో నిజంగా జరిగే పనులు రాయండి. ఏప్రిల్, మే నెలల్లో పరీక్షలు, ఎండలు, నీటి ట్యాంకర్లు, ఖాళీ అయిన హాస్టల్ గదుల మరమ్మతులు. జూలై, ఆగస్టుల్లో అడ్మిషన్లు, కొత్తవాళ్లకు పరిచయ కార్యక్రమం, యాంటీ ర్యాగింగ్ పోస్టర్లు, కాపలా. వర్షాకాలమంతా జ్వరాలు. కోరాపుట్, రాయగడ కొండల వైపు మలేరియా భయం ఉంటుంది కాబట్టి దోమతెరలు, రక్తపరీక్షలు కూడా ఈ గడిలోకే. ఆ తర్వాత వినాయక చవితి, దసరా సెలవులు. అక్టోబరులో తుఫాను భయం. చలికాలంలో ఎన్‌ఎస్‌ఎస్ ఏడు రోజుల ప్రత్యేక శిబిరం, అంతర్ యూనివర్సిటీ పోటీలు, సరస్వతీ పూజ, వార్షికోత్సవం.

ఈ కాగితం మీద ఇంకా ఒక్క రూపాయి అంకె కూడా వేయకండి. ఒకరోజు మీ టేబుల్ మీదే ఉంచి, వచ్చిన గుమాస్తాను, వార్డెన్‌ను, మెస్ మేనేజర్‌ను, ఇద్దరు ముగ్గురు విద్యార్థులను “ఇందులో ఏం మర్చిపోయాం?” అని అడగండి. మెస్‌లో పనిచేసేవాళ్లు చెప్పే విషయాలు ఏ ఫైల్లోనూ దొరకవు.

2. ఏ డబ్బు ఎవరిదో విడదీయండి

బ్యాంకు ఖాతాలో కనిపించే మొత్తమంతా మీరు ఖర్చు పెట్టుకోదగింది కాదు. ఈ ఒక్క విషయం గట్టిగా పట్టుకుంటే చాలా ఆడిట్ అభ్యంతరాలు దగ్గరికి రావు.

మీ చేతి మీదుగా నాలుగు రకాల డబ్బు వెళ్తుంది. మొదటిది విద్యార్థులు కట్టే ఫీజులు: ఆటల ఫీజు, వైద్య ఫీజు, హాస్టల్ ఫీజు వంటివి. ఏ పేరుతో వసూలు చేశారో ఆ పనికే వాడాలి. రెండోది యూనివర్సిటీ తన సాధారణ నిధుల నుంచి ఇచ్చే కేటాయింపు. మూడోది పథకం డబ్బు. ఎన్‌ఎస్‌ఎస్ నిధులు ఎన్‌ఎస్‌ఎస్‌కే. మిగిలాయి కదా అని వార్షికోత్సవ వేదికకు వాడితే అది నిధుల దారి మళ్లింపే, ఉద్దేశం ఎంత మంచిదైనా సరే. నాలుగోది డిపాజిట్. హాస్టల్‌లో చేరేటప్పుడు తీసుకునే కాషన్ మనీ విద్యార్థిదే, వెళ్లేటప్పుడు తిరిగి ఇవ్వాలి. దాన్ని ఆదాయంలో చూపకూడదు. వేరే రిజిస్టర్ పెట్టి, ఈ ఏడాది చదువు ముగించుకుని వెళ్లేవాళ్లు ఎంతమందో, వాళ్లకు తిరిగి ఇవ్వాల్సింది ఎంతో ముందే లెక్క కట్టి ఉంచుకోండి.

ఒడిశా రాష్ట్ర యూనివర్సిటీల్లో డబ్బు వ్యవహారాలు చూసే అధికారి కంప్ట్రోలర్ ఆఫ్ ఫైనాన్స్. కొత్తగా బాధ్యత తీసుకున్న వారంలోనే ఆ ఆఫీసుకు వెళ్లి మూడు కాగితాలు అడగండి: మీ విభాగానికి ఉన్న పద్దుల జాబితా, గత మూడేళ్ల కేటాయింపు–ఖర్చు పట్టిక, ఎంతవరకు ఎవరు మంజూరు చేయవచ్చో చెప్పే ఉత్తర్వు. నాందేడ్, గడ్చిరోలి వైపు మహారాష్ట్రలో పనిచేసేవారైతే 2016 నాటి మహారాష్ట్ర పబ్లిక్ యూనివర్సిటీల చట్టం కింద విద్యార్థి వికాస మండలి ఉంటుంది. విద్యార్థి సంక్షేమ పనులు అది చూస్తుంది కాబట్టి ముందు ఆ మండలి కిందటి ఏడాది అంచనాలు చదవండి.

3. ఎంతమందికి, ఎంత ధరకు, ఎన్నిసార్లు

బడ్జెట్ నైపుణ్యమంటే నా దృష్టిలో ముప్పాతిక వంతు ఇదే. ప్రతి అంకెనూ మూడు ముక్కలుగా విడగొట్టి చూపడం. ఆటల జట్టు ప్రయాణాన్ని తీసుకుందాం. చాలా ఫైళ్లలో “పోటీలకు ప్రయాణం: సుమారు 50,000” అని ఒక్క వరుస ఉంటుంది. ఈ యాభై వేలు ఎక్కడి నుంచి వచ్చిందంటే ఎవరూ చెప్పలేరు. ఫైనాన్స్ కమిటీలో ఎవరైనా దాన్ని నలభై చేస్తే అడ్డుకోడానికి మీ దగ్గర మాట ఉండదు.

ఇలా రాయండి. ఆటగాళ్లు 12, కోచ్ ఒకరు, మేనేజర్ ఒకరు, మొత్తం 14 మంది. రైలు టికెట్ ఒక వైపుకు 700 అనుకుంటే రానూపోనూ 19,600. భోజనానికి రోజుకు 400 చొప్పున 5 రోజులకు 28,000. అక్కడ ఊళ్లో తిరగడానికి 6,000. ఎంట్రీ ఫీజు 3,000. ఆటగాళ్లకు దుస్తులు, బూట్లు తలా 1,500 చొప్పున 18,000. మొత్తం 74,600. ఈ ధరలు ఉదాహరణకు వేసినవి, మీ దగ్గర ఎంతో మీరే కనుక్కుని వేసుకోండి. ఇప్పుడు కమిటీ తగ్గించాలనుకుంటే ఏది తగ్గించాలో వాళ్లే చెప్పాల్సి వస్తుంది. పిల్లల భోజనంలో కోయమంటారా, బూట్లు వద్దంటారా? అంత వివరంగా కనిపించినప్పుడు ఎవరూ కళ్లు మూసుకుని కత్తెర వేయరు. ఇలా తేలిన అంకెనే ఆ పన్నెండు గళ్ల కాగితంలో ఆయా నెల కింద వేయండి.

సరిహద్దు ఊళ్లలో ఉన్నవాళ్లకు ధరల విషయంలో ఒక మాట. ఆట సామాన్లకు, ఫర్నిచర్‌కు బరంపురం షాపు, విశాఖపట్నం షాపు రెండూ కొటేషన్ ఇస్తాయి. విశాఖ నుంచి పంపిస్తే బిల్లులో ఐజీఎస్‌టీ (రాష్ట్రాల మధ్య అమ్మకంపై వేసే జీఎస్‌టీ) అని ఒకే వరుస ఉంటుంది. బరంపురం బిల్లులో సీజీఎస్‌టీ (కేంద్రం వాటా), ఎస్‌జీఎస్‌టీ (రాష్ట్రం వాటా) అని రెండు వరుసలు ఉంటాయి. ఒకే వస్తువుకు మొత్తం పన్ను శాతం రెండిట్లోనూ ఒకటే. కాబట్టి పోల్చాల్సింది పన్ను, రవాణా, దింపుడు కూలి అన్నీ కలిసిన ధరను. పన్ను వేయని ధర ఒకరిదీ, పన్నుతో సహా ఇచ్చిన ధర ఇంకొకరిదీ పక్కపక్కన పెడితే తక్కువ కొటేషన్ ఏదో తప్పుగా తేలుతుంది.

ఈ లెక్కలకు ఎక్సెల్‌లో అన్నీ రావాల్సిన అవసరం లేదు. కూడడం, గుణించడం, పద్దు పేరు చొప్పున మొత్తం తేల్చే సమ్‌ఇఫ్, నెలల చొప్పున సారాంశం చూపే పివట్ టేబుల్. ఈ నాలుగూ వస్తే మీ విభాగానికి సరిపోతుంది. అన్ని పద్దులతో ఒకేసారి కుస్తీ పట్టకండి. మొదట ఒక్క పద్దు, ఉదాహరణకు వైద్యం, తీసుకుని గత ఏడాది వోచర్లన్నీ ఎక్సెల్‌లో ఎక్కించండి. ఆ ఒక్కటి పూర్తయ్యేసరికి మిగతావి ఎలా చేయాలో మీకే తెలిసిపోతుంది.

4. చట్టం చెప్పిన పనులను ముందు వరుసలో పెట్టండి

కొన్ని ఖర్చులు మన ఇష్టాయిష్టాల మీద ఉండవు. ర్యాగింగ్ నివారణకు యూజీసీ 2009 నిబంధనలు ఉన్నాయి. లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీలో బయటి నుంచి ఒకరు సభ్యులుగా ఉండాలి, వారి ప్రయాణానికి, ఫీజుకు డబ్బు కావాలి. విద్యార్థుల ఫిర్యాదులపై 2023లో వచ్చిన యూజీసీ నిబంధనల ప్రకారం అంబుడ్స్‌పర్సన్‌కు (ఫిర్యాదులు విని తేల్చే స్వతంత్ర వ్యక్తికి) విచారణకు కూర్చున్న రోజుకు ఫీజు ఇవ్వాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వల్ల ర్యాంపులు, పరీక్ష రాసిపెట్టే సహాయకులు వంటి ఏర్పాట్లు మన బాధ్యత. వీటికి విడివిడిగా వరుసలు వేయండి. “ఇతరములు” అనే పద్దులో కలిపేస్తే మొదటి కోత వాటి మీదే పడుతుంది.

ఉచితంగా దొరికేదాన్ని కూడా ఇక్కడే గుర్తుంచుకోండి. మానసిక ఆరోగ్యానికి కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416. 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. రాత్రిపూట టెన్షన్‌తో కుంగిపోయే పిల్లలకు ఆ నంబరు హాస్టల్ ప్రతి అంతస్తులోనూ కనిపించాలి. దానికి అయ్యేది పోస్టర్ ఖర్చే. అయినా కౌన్సెలర్ పోస్టుకు అది ప్రత్యామ్నాయం కాదు. ఎదురుగా కూర్చుని వినే మనిషి కావాలి. ఆ జీతం అడగడానికి మొహమాటపడకండి.

5. అక్టోబరును మర్చిపోవద్దు

2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను బరంపురం పక్కనున్న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2014లో మళ్లీ అదే తేదీన విశాఖను హుద్‌హుద్ కొట్టింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి, గంజాం జిల్లాలను అతలాకుతలం చేసింది. ఇంత చూశాక కూడా తుఫానును అనుకోని ఖర్చు అని రాయడం సరికాదు. ఎప్పుడు వస్తుందో తెలియదు గానీ ఏ నెలల్లో రావచ్చో మనకు తెలుసు.

కరెంటు పోతే మోటారు ఆడదు, మోటారు ఆడకపోతే నాలుగంతస్తుల హాస్టల్లో నీళ్లుండవు. రైళ్లు ఆగితే సెలవులకు బయల్దేరిన పిల్లలు వెనక్కి వస్తారు, వాళ్లకు అన్నం పెట్టాలి. కాబట్టి అత్యవసర పద్దు కింద జనరేటర్ డీజిల్, నీటి ట్యాంకర్లు, మూడు రోజుల భోజన సామగ్రి, పడిన చెట్ల తొలగింపు, కిటికీ అద్దాలు, పైకప్పు రేకులు ఒక్కొక్కటిగా రాయండి. అంతకన్నా ముఖ్యంగా, సెప్టెంబరులోనే రెండు కాగితాలు సిద్ధం చేయించండి. ఒకటి, జనరేటర్, ట్యాంకర్ అద్దెలకు ముందే ఖాయం చేసుకున్న రేట్లు. రెండోది, సెలవు రోజైనా సరే వార్డెన్ ఫలానా మొత్తం వరకు ఖర్చు పెట్టి తర్వాత ఆమోదం తీసుకోవచ్చని పై అధికారి సంతకంతో ఉత్తర్వు. గాలివాన రాత్రి పద్దులో డబ్బుండీ ఖర్చు పెట్టే అధికారం ఎవరికీ లేకపోతే ఆ డబ్బు ఉన్నా లేనట్టే.

రాత్రిపూట ఒక విద్యార్థిని బరంపురం ఎంకేసీజీ ఆసుపత్రికో, పరిస్థితి విషమిస్తే విశాఖ కేజీహెచ్‌కో తీసుకెళ్లాల్సి వచ్చినప్పుడు కూడా ఇలాంటి ఉత్తర్వే అక్కరకొస్తుంది. దాన్నీ ఇందులోనే కలిపి రాయించండి.

6. కేటాయింపు వేరు, చేతికి డబ్బు రావడం వేరు

ఈ బడ్జెట్ పని అంతటిలోనూ నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇది. గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల నుంచి వచ్చే ఆదివాసీ విద్యార్థులు చాలామంది పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ (పదో తరగతి తర్వాతి చదువులకు ఇచ్చేది) మీద ఆధారపడి చదువుతారు. ఎస్టీ స్కాలర్‌షిప్‌లో కేంద్రం 75, రాష్ట్రం 25 శాతం భరిస్తాయి. ఎస్సీలకు అది 60, 40. డబ్బు విద్యార్థి బ్యాంకు ఖాతాలో పడుతుంది. పైగా స్కాలర్‌షిప్ ఇవ్వాల్సింది విద్యార్థి ఏ రాష్ట్రానికి చెందుతాడో ఆ రాష్ట్రం. అంటే ఇచ్ఛాపురం నుంచి వచ్చి బరంపురంలో చదివే పిల్లవాడి డబ్బు ఆంధ్రప్రదేశ్ నుంచి రావాలి, పక్క మంచం మీది పర్లాకిమిడి పిల్లవాడిది ఒడిశా నుంచి. ఒకే గదిలో ఇద్దరికి రెండు వేర్వేరు సమయాల్లో వస్తుంది. మెస్‌లో బియ్యం మాత్రం రోజూ ఉడకాలి.

లెక్క చూడండి. 240 మంది ఉన్న హాస్టల్‌లో రోజుకు తలా 90 రూపాయలు అనుకుంటే నెలకు 6,48,000. అందులో సగం మంది స్కాలర్‌షిప్ వచ్చాకే కట్టగలిగినవాళ్లైతే నెలకు 3,24,000 ఆగిపోతుంది. నాలుగు నెలలు ఆలస్యమైతే 12,96,000. కాగితం మీద బడ్జెట్ సమతూకంగానే ఉంటుంది. కిరాణా షాపు మాత్రం అప్పు ఇవ్వడం ఆపేస్తుంది. అప్పుడు పిల్లల మీద ఒత్తిడి మొదలవుతుంది, కొందరు ఇంటికి వెళ్లిపోయి తిరిగి రారు.

అందుకని బడ్జెట్‌తో పాటు నెలవారీ నగదు పట్టిక కూడా వేయండి. పన్నెండు నెలలకు, ప్రతి నెలా ఎంత లోపలికి, ఎంత బయటికి, నెలాఖరుకు చేతిలో ఎంత. ఏ నెలలో అంకె సున్నా కిందకు పోతుందో చూసి, స్కాలర్‌షిప్ వచ్చాక తిరిగి జమ చేసే షరతు మీద ఆ లోటు అంత మొత్తాన్ని మెస్ కోసం యూనివర్సిటీ నిధి నుంచి అడగండి. స్కాలర్‌షిప్ దరఖాస్తులు ఎన్ని ఏ దశలో ఆగాయో నెలకొకసారి జాబితా తీసుకోండి. ఆధార్‌తో ఖాతా అనుసంధానం కాక ఆగినవాటిని మీ ఆఫీసులో ఒక మనిషిని కూర్చోబెట్టి పరిష్కరిస్తే, ఆ మనిషికి ఇచ్చే గౌరవ వేతనం కన్నా ఎన్నో రెట్లు మెస్ బకాయి వసూలవుతుంది.

7. మంజూరయ్యాక: ఇచ్చిన మాటల రిజిస్టర్

పద్దులో 3,00,000 కేటాయించారు. బిల్లులు చెల్లించింది 1,40,000. మిగిలింది 1,60,000 అనుకుని కొత్త పనికి సంతకం పెడతాం. కానీ ఈలోగా 95,000కి ఆర్డర్లు ఇచ్చి ఉన్నాం, ఆ బిల్లులు ఇంకా రాలేదు. నిజంగా మిగిలింది 65,000. ఈ తేడా కనిపించాలంటే ఆర్డర్ ఇచ్చిన రోజే రాసే రిజిస్టర్ ఒకటి మీ దగ్గర ఉండాలి. తేదీ, పద్దు, ఎవరికి, ఎంత, బిల్లు వచ్చిందా, చెల్లింపు అయిందా. ఆరు గళ్లు చాలు. అకౌంట్స్ సెక్షన్ లెక్క చెల్లింపుతో మొదలవుతుంది, మీ లెక్క ఆర్డర్‌తో మొదలవ్వాలి. నెలకొకసారి రెండూ సరిచూసుకోండి.

అడ్వాన్సుల విషయంలో గట్టిగా ఉండండి. శిబిరానికి తీసుకున్న అడ్వాన్సుకు లెక్క శిబిరం ముగిసిన వెంటనే, రసీదులు చేతిలో ఉన్నప్పుడే ఇవ్వాలి. పల్లెలో కూరగాయలు అమ్మిన ఆవిడ బిల్లు ఇవ్వదు కదా, అలాంటి చోట సాదా వోచర్ మీద ఆమె పేరు, ఊరు, సంతకం లేదా వేలిముద్ర తీసుకుని ప్రోగ్రామ్ ఆఫీసర్ ధ్రువీకరించాలి. అది ఎంతవరకు చెల్లుతుందో అకౌంట్స్‌ను ముందే అడిగి వెళ్లండి. కొండ ఊరిలో శిబిరం అయిపోయాక మళ్లీ అంత దూరం వెళ్లి సంతకాలు తేలేరు.

8. సగం ఏడాదిలో ఒకసారి ఆగి చూడండి

సెప్టెంబరు నెలాఖరుకు సగం ఏడాది అవుతుంది. చాలామంది సగం ఖర్చయిందా లేదా అని చూస్తారు. అది తప్పు కొలత. శిబిరం చలికాలంలో ఉంటే అప్పటికి ఆ పద్దులో ఖర్చు సున్నా ఉండటం సహజం. మొదట మీరు గీసిన పన్నెండు గళ్ల కాగితం తీసి, ఈ నెలకు ఎంత కావాలనుకున్నారో, ఎంత అయిందో చూడండి. తేడా ఎక్కడుందో అక్కడ కారణం ఒక్క వాక్యంలో రాయండి. ధర పెరిగిందా, సంఖ్య పెరిగిందా, పని ఆలస్యమైందా? ఈ మూడింటికీ మందు వేరువేరు.

సవరించిన అంచనాలు అడిగినప్పుడు ఈ వాక్యాలే మీ నోట్ అవుతాయి. ఒక పద్దులో మిగిలేది ఇంకో పద్దుకు మార్చుకోవాలంటే అనుమతి ఇవ్వగలిగిన అధికారి నుంచి రాతపూర్వకంగా ముందే తీసుకోవాలి. ఖర్చు పెట్టేశాక అడిగితే ఎవరూ ఇవ్వరు. అదనంగా ఇమ్మని రాసేటప్పుడు “చాలా అవసరం”, “దయచేసి పరిశీలించగలరు” అని నింపకండి. ఈ పద్దు కింద ఇంతమంది ఉన్నారు, ఇంత లోటు, ఇవ్వకపోతే ఫలానా నెలలో ఫలానా పని ఆగుతుంది. మూడు ముక్కలు చాలు.

9. మార్చి

మార్చిలో హడావుడిగా కొన్న కుర్చీలు, ఎవరూ తెరవని క్యారమ్ బోర్డులు చాలా స్టోర్ రూముల్లో కనిపిస్తాయి. నిధులు మురిగిపోతాయన్న భయంతో కొన్నవే అవన్నీ. జనవరి చివరికల్లా మీ రిజిస్టర్ చూసి, ఏ పద్దులో నిజంగా మిగులుతుందో తేల్చి, అవసరం లేని మొత్తాన్ని తిరిగి అప్పగించండి. అప్పగిస్తే వచ్చే ఏడు కోస్తారన్న భయం ఉంటుంది. ఎందుకు మిగిలిందో, వచ్చే ఏడు ఎందుకు కావాలో రాసి అప్పగిస్తే ఆ కాగితమే మీ తరఫున మాట్లాడుతుంది.

పథకం డబ్బుకు వినియోగ ధ్రువపత్రం, అంటే ఆ డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే పత్రం, ఇవ్వాలి. కేంద్ర నిధులకు వాడే నమూనా జీఎఫ్ఆర్ (కేంద్ర సాధారణ ఆర్థిక నియమాలు) 12–ఎ. వచ్చిన మొత్తం, వడ్డీ, ఖర్చు, మిగులు, ఈ నాలుగూ బ్యాంకు స్టేట్‌మెంట్‌తో పైసాతో సహా సరిపోవాలి. వడ్డీని మర్చిపోవడం తరచూ జరుగుతుంది, దాన్ని ముందు చూడండి. ఈ పత్రం ఆలస్యమైతే తర్వాతి విడత ఆగుతుంది, వచ్చే శీతాకాలపు శిబిరానికి డబ్బు ఉండదు.

ఫైలు మూసేముందు ఈ ఏటి పన్నెండు గళ్ల కాగితాన్ని, మీరు రాసిన కారణాల వాక్యాలతో సహా, కొత్త ఏడాది ఫైలులో మొదటి పేజీగా పెట్టండి. మీకు బదిలీ అయినా, వార్డెన్ బాధ్యత ఇంకొకరికి వెళ్లినా, వాళ్లకు పోయినేడాది అంకె మాత్రమే కాకుండా ఆ అంకె ఎలా వచ్చిందో కూడా అందుతుంది.